పోస్ట్‌గ్రెస్ 13 నుంచి 17కు: సర్వర్ మార్పు డైరీ

సోమవారం

గ్రంథాలయ జాబితా నడుస్తున్న సర్వర్‌ను మార్చే పని ఇవాళ మొదలుపెట్టాను. ఆ యంత్రం మీద డెబియన్ 11 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద పోస్ట్‌గ్రెస్ 13 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు ఒక్కో ప్రధాన వెర్షన్‌కు అయిదేళ్ల పాటు దిద్దుబాట్లు విడుదల చేస్తుంది. 13వ వెర్షన్ 2020 సెప్టెంబరులో వచ్చింది, 2025 నవంబరు 13తో దాని గడువు ముగిసింది. ఆ ప్రాజెక్టు నుంచి దీనికి ఇక ఏమీ రాదు. సర్వర్ మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. బాగా నడుస్తున్నదాన్ని కదిలించడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ తీరిక ఉన్నప్పుడు చేయకపోతే, ఏదో ఒక రోజు ప్రమాదం ముంచుకొచ్చాక చేయాల్సి వస్తుంది. అప్పుడు రిహార్సల్‌కు సమయం ఉండదు.

డేటాబేస్ డిస్కు మీద 46 జీబీ ఉంది. పుస్తకాల వివరాలు అందులో కొంతే. ఎక్కువ భాగం స్కాన్ చేసిన పాత పత్రికల పాఠం, ఒక్కో పుటకు ఒక్కో వరస.

వెళ్లాల్సింది డెబియన్ 13కు. అది 2025 ఆగస్టు 9న విడుదలైంది, పోస్ట్‌గ్రెస్ 17 దానితోపాటే వస్తుంది. 17కు 2029 నవంబరు వరకు దిద్దుబాట్లు ఉంటాయి. 18 కూడా వచ్చేసింది. పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత రిపాజిటరీని, అంటే వాళ్ల ప్యాకేజీల భాండారాన్ని జోడిస్తే అది కూడా దొరుకుతుంది. అయినా ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ దిద్దుబాట్లు ఒకే చోటి నుంచి వస్తే కాపలా కాయడం తేలిక. ఆ గడువు మాకు చాలు. 17 ఖాయం చేసుకున్నాను.

ఉన్న యంత్రం మీదే మార్పు చేయడం ఒక దారి. డెబియన్‌లో ఒక వెర్షన్‌ను దాటేసి పైదానికి దూకకూడదు, 11 నుంచి 12కు, అక్కడి నుంచి 13కు వెళ్లాలి. అంటే ఒకే రాత్రి రెండు పెద్ద మార్పులు, ఆపైన డేటాబేస్ మార్పు. మధ్యలో ఏది చెడినా వెనక్కి రావడం కష్టం. అందుకే కొత్త యంత్రాన్ని పక్కనే నిలబెట్టి, పాతదాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలని నిర్ణయించాను. ఈ పని మొత్తంలో ప్రతి అడుగు దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇక్కడి నుంచి వెనక్కి రావాలంటే ఎంతసేపు పడుతుంది?

మంగళవారం

ఇవాళంతా పాత సర్వర్‌లో ఏమేం ఉన్నాయో రాసుకోవడంతో సరిపోయింది. ఎవరైనా ఈ పనికి పూనుకుంటే మొదటి రోజును దీనికే కేటాయించమని గట్టిగా చెబుతాను. సర్వర్‌ను నడిపేవారికి అందులో ఉన్నదంతా తెలుసనే నమ్మకం ఉంటుంది. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా చేరినవి అందులో చాలా ఉంటాయి.

కాన్ఫిగరేషన్ ఫైలును చదవడం కంటే సర్వర్‌నే అడగడం మేలు. పీజీ-సెట్టింగ్స్ అనే పట్టికలో ప్రతి అమరికా ఎక్కడి నుంచి వచ్చిందో ఉంటుంది. ఫైలు నుంచి వచ్చినవాటిని మాత్రమే ఏరితే చిన్న జాబితా తేలింది. షేర్డ్ బఫర్స్, వర్క్ మెమరీ అనే మెమరీ అమరికలు, లాగ్‌కు (సర్వర్ రాసుకునే చిట్టా) సంబంధించినవి కొన్ని, కనెక్షన్ల గరిష్ఠ సంఖ్య. ఈ జాబితాను కొత్త సర్వర్‌లో చేత్తో రాస్తాను. పాత ఫైలును ఎత్తి అక్కడ పెట్టేయడం కుదరదు. డెబియన్ తయారుచేసే 13 ఫైలులో స్టాట్స్-టెంప్-డైరెక్టరీ అనే అమరిక ఉంటుంది. గణాంకాలను నేరుగా మెమరీలో ఉంచే పద్ధతి 15వ వెర్షన్‌లో వచ్చాక ఆ అమరికను తీసేశారు. 17వ సర్వర్‌కు ఆ లైను కనిపిస్తే ఇది నాకు తెలియదంటుంది, అసలు లేవనే లేవదు.

తర్వాత ఎక్స్‌టెన్షన్ల, అంటే అదనపు హంగుల జాబితా. మాటలను మూడేసి అక్షరాల ముక్కలుగా పోల్చే ట్రైగ్రామ్ ఒకటి, విశిష్ట గుర్తింపు సంఖ్యలిచ్చే యూయూఐడీ ఒకటి. రెండూ పోస్ట్‌గ్రెస్‌తోనే వస్తాయి, బెంగ లేదు. భాషను బట్టి అక్షర క్రమం లాంటివి చెప్పే అమరికలు లొకేల్‌లు, వాటి జాబితాలో తెలుగు లొకేల్ ఉంది. డేటాబేస్‌ను దాంతోనే సృష్టించారు. కొత్త యంత్రంలో ఆ లొకేల్‌ను ముందే తయారుచేయకపోతే డేటాబేస్ సృష్టి దగ్గరే పని ఆగిపోతుంది. వేళకు పనులను నడిపించే క్రాన్‌లో ఉన్నవన్నీ కాగితం మీదికి ఎక్కించాను.

ఇక ఈ సర్వర్‌కు ఎవరెవరు కనెక్ట్ అవుతున్నారన్నది తేలాలి. ఈ క్షణాన ఎవరున్నారో చూడటం తేలికే, అర్ధరాత్రి వచ్చిపోయేవారి సంగతి దాంతో తెలియదు. కనెక్షన్లను లాగ్‌లో రాసే అమరికను ఆన్ చేసి వదిలాను. సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, కాన్ఫిగరేషన్‌ను మళ్లీ చదవమంటే చాలు.

బుధవారం

విడుదల పత్రాలు చదివాను. ప్రతి ప్రధాన వెర్షన్ పత్రంలోనూ పాతదాని నుంచి వచ్చేవారు గమనించాల్సిన మార్పులకు విడిగా ఒక భాగం ఉంటుంది. 13 నుంచి 17కు వెళ్తున్నాం కాబట్టి 14, 15, 16, 17 నాలుగింటిలోనూ ఆ భాగాన్ని చదవాలి. 17 పత్రం ఒక్కటే చదివితే మధ్యలో జరిగినవి తెలియవు.

14లో ఎక్స్‌ట్రాక్ట్ ఫంక్షన్ ఇచ్చే విలువ రకం మారింది. ఇంతకుముందు డబుల్ ప్రెసిషన్ (ఉజ్జాయింపు దశాంశం) ఇచ్చేది, ఇప్పుడు న్యూమరిక్ (కచ్చితమైన దశాంశం) ఇస్తుంది. తేదీ నుంచి సంవత్సరం తీసే చోట్ల మా అప్లికేషన్ దాన్ని వాడుతోంది. అక్కడ విలువను పూర్ణాంకంగా మార్చే తీసుకుంటున్నాం కనుక చిక్కు లేదు. అయినా ఆ చోట్లన్నింటినీ పరీక్షల జాబితాలో చేర్చాను.

15లో పబ్లిక్ స్కీమాలో (స్కీమా అంటే డేటాబేస్ లోపల పట్టికలు, ఫంక్షన్లు ఉండే గది లాంటిది) ఎవరైనా పట్టికలు సృష్టించుకునే అనుమతిని తీసేశారు. ఇది కొత్తగా సృష్టించే డేటాబేస్‌లకే. పాతదాని డంప్‌ను, అంటే డేటానూ దాన్ని మళ్లీ కట్టే ఆదేశాలనూ తీసి పెట్టిన నకలును, ఎక్కిస్తే పాత అనుమతులే వస్తాయి. భద్రత కోసం చేసిన మంచి మార్పు ఇది. పాత అలవాటును వెంట తీసుకెళ్లడం ఎందుకు? ఆ అనుమతిని నేనే తీసేస్తాను, కానీ మార్పు జరిగే రాత్రి కాదు, అన్నీ కుదుటపడ్డాక. ఒకే రాత్రి రెండు మార్పులు చేస్తే, ఏదైనా చెడినప్పుడు కారణం ఏదో తేల్చుకోవడానికే తెల్లవారుతుంది.

15లోనే మాకు నేరుగా తగిలేది ఇంకొకటి ఉంది. మా రాత్రి బ్యాకప్ స్క్రిప్టు పీజీ-స్టార్ట్-బ్యాకప్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. దాని పేరును పీజీ-బ్యాకప్-స్టార్ట్ అని మార్చారు, ఒకసారికి ఒక్కటే నడిచే పాత తరహా ఎక్స్‌క్లూజివ్ బ్యాకప్‌ను పూర్తిగా తీసేశారు. అంటే కొత్త సర్వర్‌కు మారిన మొదటి రాత్రే బ్యాకప్ ఆగిపోయేది. పేరు దిద్దే బదులు ఆ స్క్రిప్టును పక్కన పెట్టి పీజీ-బేస్‌బ్యాకప్ అనే ప్రోగ్రాముతో కొత్తది రాస్తాను.

16లో మాకు సంబంధించింది కనబడలేదు. 17లో ఒకటి ఉంది. ఇండెక్సులు (వెతుకులాటను వేగపరిచే సూచికలు) సృష్టించడం, అనలైజ్ చేయడం (పట్టికల గణాంకాలు సేకరించడం), మెటీరియలైజ్డ్ వ్యూలను (ముందే లెక్కించి దాచిన ఫలితాలు) తాజా పరచడం లాంటి నిర్వహణ పనుల్లో సర్వర్ సురక్షితమైన సెర్చ్-పాత్‌ను, అంటే పేర్లను వెతికే స్కీమాల వరసను, మాత్రమే వాడుతుంది. ఇండెక్సులో వాడిన ఫంక్షన్ వేరే స్కీమాలోని దేన్నైనా ఊరికే పేరుతో పిలిస్తే అది దొరకదు. మా శీర్షికల ఇండెక్సు అలాంటి ఫంక్షన్ మీదే ఆధారపడి ఉంది. దీని పక్కన ఎర్ర గీత గీశాను.

గురువారం

డేటాను ఎలా తరలించాలో తేల్చుకునే రోజు.

పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ-అప్‌గ్రేడ్ ప్రోగ్రాము అన్నిటికంటే వేగమైనది. డేటా ఫైళ్లను అలాగే ఉంచి, సిస్టమ్ పట్టికలను మాత్రమే కొత్తగా రాస్తుంది. లింక్ పద్ధతిలో అయితే 46 జీబీ కూడా క్షణాల పని. కానీ ఆ పద్ధతిలో పాత, కొత్త సర్వర్లు ఒకే ఫైళ్లను పంచుకుంటాయి. కొత్తదాన్ని ఒకసారి మొదలుపెట్టాక పాతదాన్ని మళ్లీ వాడకూడదు. వెనక్కి రావడం గురించిన నా ప్రశ్నకు అది ఇచ్చే జవాబు నాకు నచ్చలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుతోంది కాబట్టి ఇంకో చిక్కు ఉంది, దీని గురించి కాస్త వివరంగా రాయాలి. పాఠం నిల్వ చేసిన ఇండెక్సు అక్షర క్రమం మీద నిలబడి ఉంటుంది. ఏ మాట ముందు, ఏ మాట తర్వాత అనేది పోస్ట్‌గ్రెస్ సొంతంగా నిర్ణయించదు. మామూలు అమరికలో ఆ పని జీలిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీది. ఆ లైబ్రరీలో క్రమం మారితే, డిస్కు మీది ఇండెక్సు పాత క్రమంలో ఉంటుంది, వెతికేవాడు కొత్త క్రమంలో వెతుకుతాడు. ఉన్న వరస లేనట్టు కనబడుతుంది. ఒక్కటే ఉండాలన్న చోట రెండు వరసలు చేరిపోతాయి. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఇదే జరిగింది. అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌లో 11, 1-1 అనే రెండింటిని వరస పెట్టమంటే పాత లైబ్రరీ 11ను ముందు పెట్టేది, కొత్తది 1-1ను ముందు పెట్టింది. డెబియన్ 9 నుంచి 10కు డేటా ఫైళ్లతో సహా మారినవారికి ఈ మార్పు తగిలింది. ఎక్కడా ఒక్క దోష సందేశం రాదు. తప్పు జవాబులు మాత్రం వస్తుంటాయి, అదే ఇందులోని ప్రమాదం.

మా పాత యంత్రంలో ఉన్నది 2.31, డెబియన్ 13లో ఉన్నది 2.41. ఆ పెద్ద మార్పును మేం ఎప్పుడో దాటేశాం. అయినా ఈ రెండింటి మధ్య తెలుగు క్రమంలో ఏమీ మారలేదని నమ్మి కూర్చోవడం నాకు ఇష్టం లేదు. డంప్ తీసి ఎక్కిస్తే ప్రతి ఇండెక్సూ కొత్త లైబ్రరీ క్రమంలో మొదటి నుంచి తయారవుతుంది. ఈ ప్రశ్నే ఉండదు.

డేటాలో మార్పులను ఎప్పటికప్పుడు కొత్త సర్వర్‌కు పంపే లాజికల్ రెప్లికేషన్ గురించి కూడా ఆలోచించాను. అంతరాయం కొన్ని నిమిషాలకు తగ్గుతుంది. కానీ వరస సంఖ్యలిచ్చే సీక్వెన్సుల విలువలు దాంతో రావు, పట్టికల నిర్మాణంలో చేసే మార్పులు రావు, ప్రతి వరసనూ గుర్తించే ప్రాథమిక కీ లేని పట్టికలకు విడిగా ఏర్పాట్లు చేయాలి. ఒక్క నిమిషం ఆగినా నష్టం వచ్చే సంస్థకు అది తగిన దారి. గ్రంథాలయం రాత్రి పూట కొన్ని గంటలు ఆగగలదు. డంపే ఖాయం.

శుక్రవారం

బ్యాకప్‌లు. 2017 జనవరి 31న కోడ్ నిల్వ సేవ గిట్‌ల్యాబ్‌లో జరిగిన సంగతిని ఈ సందర్భంలో మళ్లీ చదివాను. వాళ్లే దాన్ని దాపరికం లేకుండా రాసి పెట్టారు. అర్ధరాత్రి ఒత్తిడిలో పనిచేస్తున్న ఇంజినీరు ఒకరు రెండో సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లో డేటా ఫోల్డరును తొలగించారు. ఆపేలోపు 300 జీబీ దాకా పోయింది. బ్యాకప్‌ల కోసం చూస్తే అవి లేవు. సర్వర్ 9.6, డంప్ తీసే ప్రోగ్రాము మాత్రం 9.2. తనకంటే కొత్త సర్వర్ నుంచి డంప్ తీయడానికి పీజీ-డంప్ ఒప్పుకోదు, అందుకని రోజూ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు అవతలి వైపు తిరస్కరణకు గురయ్యాయి, ఎవరికీ అందలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన డిస్కు స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఉండబట్టి మిగతాది దక్కింది.

ఆ ఇంజినీరు చేసిన పని ఎవరి చేతైనా జరగవచ్చు, దాని గురించి నేను వేరే ఏమీ అనను. నాకు ముఖ్యమైనది ప్రోగ్రాముల వెర్షన్ల తేడా, అందని ఈమెయిళ్లు. రెండింటినీ మా దగ్గర ఇవాళే పరీక్షించాను. డంప్ తీసే స్క్రిప్టు ఏ పీజీ-డంప్‌ను పిలుస్తోందో పూర్తి దారితో సహా చూశాను. కావాలని ఒక విఫలమయ్యే పనిని క్రాన్‌లో పెట్టి, హెచ్చరిక మెయిల్ వస్తుందా అని ఎదురుచూశాను. వచ్చింది, కానీ అనవసర మెయిళ్ల ఫోల్డరులోకి. దాన్ని సరిచేశాను. దానితోపాటు, బ్యాకప్ సవ్యంగా ముగిసినప్పుడు కూడా ఫైలు సైజుతో ఒక మెయిల్ వచ్చేలా మార్చాను. ఇకపై ఏ ఉదయమైనా మెయిల్ రాకపోతే అదే హెచ్చరిక.

శనివారం

కొత్త యంత్రం. రాత్రంతా మెమరీ పరీక్ష నడిపించాను, దోషాలు లేవు. డిస్కుల ఆరోగ్య నివేదికలు చూశాను. స్థాపన ఇమేజ్ చెక్‌సమ్‌ను (ఫైలు మారలేదని చూపే సంఖ్య) డెబియన్ ఇచ్చినదాంతో పోల్చి, దాని మీది సంతకాన్ని కూడా సరిచూశాకే పెన్‌డ్రైవ్‌లోకి రాశాను. తెలుగు లొకేల్‌ను తయారుచేశాను. గడియారం సమయ సర్వర్‌తో కలుస్తోంది.

పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీ పెట్టగానే డెబియన్ తనంతట తానే ఒక క్లస్టర్‌ను, అంటే డేటాబేస్‌లు ఉండే నిల్వను, సృష్టిస్తుంది. అలా చేయవద్దని సంబంధిత ఫైలులో ముందే రాసి, తర్వాత నేనే డేటా చెక్‌సమ్‌లతో క్లస్టర్ సృష్టించాను. చెక్‌సమ్‌లు ఉంటే డిస్కు తప్పు డేటా ఇచ్చినప్పుడు సర్వర్ పసిగట్టి చెబుతుంది. 18వ వెర్షన్ నుంచి ఇవి వాటంతట అవే ఆన్ అయి ఉంటాయి, 17లో మనం అడగాలి. తర్వాత కూడా ఆన్ చేసుకోవచ్చు గానీ అందుకు సర్వర్‌ను ఆపాలి. ఖాళీగా ఉన్నప్పుడే చేయడం నయం.

సోమవారం

మొదటి రిహార్సల్. డంప్‌ను కొత్త యంత్రం నుంచి, 17వ పీజీ-డంప్‌తోనే తీశాను. పాత సర్వర్ డేటాను ఎప్పుడూ కొత్త ప్రోగ్రాముతోనే తీయాలి. వెళ్లబోయే వెర్షన్‌కు ఏమేం కావాలో దానికి తెలుసు. డైరెక్టరీ పద్ధతిలో నాలుగు సమాంతర పనులతో 14 నిమిషాలు పట్టింది. 46 జీబీ కాస్తా 9 జీబీ అయింది. డంప్‌లో ఇండెక్సులు ఉండవు, వాటిని తయారుచేసే ఆదేశాలే ఉంటాయి. పాఠం కూడా కుదించి ఉంటుంది. అందుకే అంత తగ్గింది.

యూజర్లు, వాళ్ల అనుమతులు ఈ డంప్‌లోకి రావు. వాటిని పీజీ-డంప్ఆల్‌తో విడిగా తీయాలి.

ఎక్కించేటప్పుడు ఎర్ర గీత గీసిన చోటే పని ఆగింది. శీర్షికల వెతుకులాటకు మేం ఒక ఫంక్షన్ వాడతాం. తెలుగులో సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్ తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. పొల్లు తర్వాత వచ్చే వకారం ఒత్తుగా మారకుండా ఆపేది అదే. కొందరు దాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. అందుకని మా ఫంక్షన్ ఆ అక్షరాన్ని తీసేస్తుంది. ౧౯౪౭ లాంటి తెలుగు అంకెలను 1947గా మార్చే ఇంకో చిన్న ఫంక్షన్‌ను కూడా పిలుస్తుంది. ఈ శుద్ధి చేసిన రూపం మీదే ఇండెక్సు ఉంది. ఏడేళ్ల వాడుకలో శీర్షికల వెతుకులాట మీద వచ్చే ఫిర్యాదులు ఆగిపోవడానికి కారణం ఈ ఇండెక్సే.

ఇండెక్సు సృష్టి దగ్గర సర్వర్ అంది: అంకెల ఫంక్షన్ లేదు. ఫంక్షన్ ఉంది, కళ్లెదుటే ఉంది. కానీ 2018లో వచ్చిన భద్రతా దిద్దుబాటు నుంచి పీజీ-డంప్ తీసిన ఫైలు సెర్చ్-పాత్‌ను ఖాళీ చేసి మొదలవుతుంది. ఊరికే పేరుతో పిలిస్తే ఏ స్కీమాలో వెతకాలో దానికి తెలియదు. లోపలి పిలుపు ముందు స్కీమా పేరు చేరిస్తే చాలు. ఫంక్షన్‌కే సెర్చ్-పాత్‌ను జతచేయడం ఇంకో పరిష్కారం. కానీ అలా చేస్తే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను ప్రశ్నలో కలిపేసుకుని వేగం పెంచే అవకాశం, ప్రశ్నను ఎలా నడపాలో తేల్చే ప్లానర్‌కు ఉండదు. స్కీమా పేరునే చేర్చాను. ఈ మార్పును పాత సర్వర్‌లోనే చేశాను, ఇక ప్రతి డంప్‌లోనూ సరైన రూపమే వస్తుంది. 17లో వచ్చిన కొత్త కట్టుబాటుకు కూడా ఇది సరిపోతుంది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. డంప్‌ను ఎక్కించే పీజీ-రిస్టోర్ మామూలుగా దోషం దగ్గర ఆగదు. ముందుకు సాగిపోయి, చివర్లో ఇన్ని దోషాలను పట్టించుకోలేదని ఒక్క లైను చెబుతుంది. దోషం రాగానే ఆగమని నేను ఆదేశంలో చెప్పాను కాబట్టి ఇది బయటపడింది. చెప్పకపోతే ఇండెక్సు లేకుండానే పని ముగిసేది. డేటా అంతా ఉంటుంది, వెతికితే జవాబులూ సరిగ్గానే వస్తాయి, కాకపోతే ప్రతి వెతుకులాటకూ మొత్తం పట్టికను చదవాల్సి వస్తుంది. కొత్త సర్వర్ మెల్లగా ఉందని అందరూ అనుకునేవారు. నెలల తరబడి వెర్షన్‌ను నిందిస్తూ ఉండేవాళ్లం.

మంగళవారం

పాస్‌వర్డ్‌లు. 13లో పాస్‌వర్డ్‌లు మామూలుగా ఎండీ5 అనే పాత రహస్య రూపంలో నిల్వ అవుతాయి, 14 నుంచి స్క్రామ్ అనే మరింత భద్రమైన రూపంలో. కొత్త క్లస్టర్ అనుమతుల ఫైలు కూడా స్క్రామ్‌నే అడుగుతుంది. ఎండీ5 రూపంలో ఉన్న యూజర్ ఆ గుమ్మం దాటలేడు, పాస్‌వర్డ్ సరైనదే అయినా సరే. ఒక రూపాన్ని ఇంకో రూపంలోకి మార్చే మార్గం లేదు, పాస్‌వర్డ్‌ను మళ్లీ పెట్టాల్సిందే.

దీన్ని మార్పు రాత్రికి వదిలేయనక్కర్లేదు. స్క్రామ్ 10వ వెర్షన్ నుంచి ఉంది. పాత సర్వర్‌లోనే ఎన్‌క్రిప్షన్ అమరికను స్క్రామ్‌కు మార్చి, ఒక్కో యూజర్‌కు పాస్‌వర్డ్ మళ్లీ పెట్టాను. అక్కడి అనుమతుల ఫైలులో ఎండీ5 అనే ఉన్నా ఫరవాలేదు. యూజర్ దగ్గర స్క్రామ్ రూపం ఉంటే సర్వర్ స్క్రామ్‌నే వాడుతుంది. పీజీ-ఆత్‌ఐడీ పట్టికలో ప్రతి పాస్‌వర్డ్ మొదట్లో స్క్రామ్ అని ఉందో లేదో చూశాను. అన్నీ మారాయి. ఏ ప్రోగ్రామైనా మరీ పాత లైబ్రరీతో కనెక్ట్ అవుతుంటే ఇప్పుడే, పగటి పూటే, తీరిగ్గా తెలుస్తుంది.

కనెక్షన్ల లాగ్‌ను ఈ సాయంత్రం తెరిచాను. అనుకున్న అప్లికేషన్లతో పాటు నివేదికలు తయారుచేసే చిన్న ప్రోగ్రాము ఒకటి తెల్లవారుజామున వస్తోంది. అది పేరుతో కాకుండా నేరుగా ఐపీ చిరునామాతో కనెక్ట్ అవుతోంది. సర్వర్ మారినా అది పాత యంత్రానికే వెళ్లేది. చిరునామా బదులు పేరు పెట్టించాను.

గురువారం

రెండో రిహార్సల్ ఒక్క దోషం లేకుండా పూర్తయింది. డంప్ 14 నిమిషాలు, ఎక్కించడం 31 నిమిషాలు. ఇండెక్సుల తయారీకి మెమరీ అమరికను పెంచడం బాగా కలిసొచ్చింది. మామూలుగా అది 64 ఎంబీ, పని జరుగుతున్నంతసేపు 1 జీబీ ఇచ్చాను. రాసింది డిస్కుకు చేరేదాకా ఆగే ఎఫ్‌సింక్‌ను ఆపేస్తే ఇంకా తొందరగా అవుతుంది. నేను ఆపను. ఆ కాస్త సమయం కోసం డిస్కు మీదికి నిజంగా చేరిందో లేదో తెలియని డేటాతో మొదలుపెట్టడం తగదు.

ఎక్కించిన వెంటనే అప్లికేషన్‌తో వెతికి చూశాను, చాలా నిదానంగా ఉంది. ఇది ముందే తెలిసిన సంగతి. పట్టికల్లో ఏముందో చెప్పే గణాంకాలు డంప్‌తో రావు, అవి లేనప్పుడు ప్లానర్ ఊహల మీద నడుస్తుంది. దశలవారీగా అనలైజ్ చేయమంటే ముందు ముతక గణాంకాలు నిమిషంలోపే వస్తాయి, తర్వాత మెరుగైనవి. మొత్తం 6 నిమిషాలు. ఆ తర్వాత అదే వెతుకులాట పాత సర్వర్ కంటే చురుగ్గా సాగింది.

సరిపోల్చడం: ప్రతి పట్టికలో వరసల సంఖ్య, రెండు వైపులా ఇండెక్సుల సంఖ్య, సీక్వెన్సుల విలువలు. ముఖ్యమైన పట్టికలకు కీ క్రమంలో వరసలన్నిటి హాష్ (డేటా నుంచి లెక్కించే చిన్న గుర్తు) కూడా. అన్నీ కలిశాయి. సరిపోల్చే ఈ స్క్రిప్టును అలాగే ఉంచాను, అసలు రాత్రి కూడా ఇదే నడుస్తుంది.

శుక్రవారం

లైబ్రేరియన్ గారిని కలిశాను. ఆమె మొదటి ప్రశ్న, “ఎంతసేపు ఆగుతుందండీ?”

“మూడు గంటలని ప్రకటించండి మేడమ్. పని గంటకు కాస్త పైన. తర్వాత ఒక గంట మీరు, నేను కలిసి పరీక్షించడానికి. మిగిలింది వెనక్కి రావాల్సి వస్తే.”

“వెనక్కి రావడమంటే రికార్డులు పోతాయా?”

సరైన చోట పట్టుకున్నారు. కొత్త సర్వర్‌లో మొదటి కొత్త రికార్డు చేరనంత వరకు వెనక్కి రావడం అయిదు నిమిషాల పని, పేరును పాత యంత్రానికి తిప్పితే చాలు. ఒక్క రికార్డు చేరాక మాత్రం, వెనక్కి వస్తే దాన్ని చేత్తో మళ్లీ ఎక్కించాలి. అందుకే పరీక్ష జరిగే గంటసేపు కొత్త డేటాబేస్‌ను చదవడానికి మాత్రమే తెరిచి ఉంచుతాను. డీఫాల్ట్-ట్రాన్సాక్షన్-రీడ్-ఓన్లీ అమరికను డేటాబేస్‌కే పెట్టవచ్చు. పాత డేటాబేస్‌కు కూడా డంప్‌కు ముందే అదే అమరిక పెట్టి, అప్లికేషన్ కనెక్షన్లను తెంచేస్తాను. రెండు చోట్ల రెండు రకాల డేటా చేరే అవకాశం ఉండదు. పరీక్షకు ఏయే శీర్షికలు వెతకాలో, ఏయే పత్రికల ఏయే పుటలు తెరవాలో ఆమే ఒక జాబితా రాసిచ్చారు. నేను రాసిన పరీక్షల కంటే అది ఎంతో మేలైనది. పాఠకులు నిజంగా అడిగేవి ఆమెకు తెలుసు.

పేరును చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌లో సర్వర్ పేరుకు నిల్వ కాలం 86,400 సెకన్లు, అంటే ఒక రోజు. దాన్ని 300కు తగ్గించాను. ఈ పనిని కనీసం ఒక రోజు ముందే చేయాలి. చివరి నిమిషంలో తగ్గిస్తే, పాత విలువను పట్టుకుని ఉన్న యంత్రాలు ఇంకో రోజంతా పాత చోటికే వెళ్తాయి.

ఆదేశాలన్నీ వరసగా ఒక ఫైలులో రాశాను, ప్రతిదాని పక్కనా అది ఏ యంత్రం మీద నడవాలో పేరు రాశాను. రెండు యంత్రాల టెర్మినళ్లకు వేర్వేరు నేపథ్య రంగులు పెట్టాను, పాతది ఎరుపు.

ఆదివారం

రాత్రి 10 గంటలకు మొదలుపెట్టాం. డంప్, ఎక్కింపు, అనలైజ్ రిహార్సల్‌లో పట్టినంతే పట్టాయి. సరిపోల్చే స్క్రిప్టు తేడా ఏదీ చూపలేదు. లైబ్రేరియన్ గారి జాబితాలో ఒక పత్రిక పుట తెరుచుకోలేదు. పాత సర్వర్‌లో చూస్తే అక్కడా తెరుచుకోవడం లేదు, స్కాన్ చేసిన నాటి నుంచే ఆ ఫైలు లేదు. దాన్ని ఆమె విడిగా రాసుకున్నారు. 12:20కి రాతకు తెరిచాం.

తెల్లవారుజామున నివేదికల ప్రోగ్రాము కొత్త సర్వర్‌కే వచ్చినట్టు లాగ్ చెప్పింది. కొత్త బ్యాకప్ స్క్రిప్టు నడిచింది, సైజుతో మెయిల్ కూడా వచ్చింది. ఆ బ్యాకప్‌ను మూడో యంత్రంలో ఎక్కించి చూడటం ఈ వారం పని. పాత యంత్రం నెల రోజులు చదవడానికి మాత్రమే ఉంటుంది. పబ్లిక్ స్కీమా అనుమతిని వచ్చే వారం తీసేస్తాను. పోస్ట్‌గ్రెస్ చిన్న దిద్దుబాట్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో వస్తాయి. వాటికి డంప్ అవసరం లేదు, ప్యాకేజీ మార్చి సర్వర్‌ను మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. ఆ నాలుగు నెలలనూ క్యాలెండరులో గుర్తుపెట్టాను.